దగ్గు వినపడని గల్లీ

ఆరోగ్య బీమా రంగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. రిటైరయ్యాక కూడా నన్ను మేడమ్ అని పిలిచేవాళ్లు వాళ్లే మిగిలారు కాబట్టి నేనూ ఓపిగ్గానే మాట్లాడతాను. అటు తిప్పీ ఇటు తిప్పీ అందరూ అడిగేది ఒకటే. పేదవాళ్ల కోసం పెట్టే చిన్న బీమా పథకాలు రెండు మూడేళ్లకే ఎందుకు మూతపడతాయి అని. దానికి జవాబు చెప్పడం సులువే. మూతపడిన పథకాలు నాకు చాలా తెలుసు, వాటిని తలుచుకుని నేనెప్పుడూ భయపడలేదు. నన్ను భయపెట్టింది ఏ నష్టమూ లేకుండా నిక్షేపంలా నడిచిన ఒక గల్లీ. ఆ సంగతి ఎవరూ అడగరు, అందుకే నేనే రాస్తున్నాను.

ప్రభుత్వ బీమా కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. లారీ ప్రమాదాలు, కాలిపోయిన గోడౌన్లు చూసీ చూసీ, మనుషులు ఎన్ని రకాలుగా అబద్ధం చెప్పగలరో నాకు తెలుసని గర్వంగా ఉండేది. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్‌లో క్వార్టరు. ఢిల్లీ వదిలి ఎక్కడికీ వెళ్లనని నేను మొండికేయడంతో, ఎవరూ కోరుకోని ఒక పోస్టు తెచ్చి నాకు అంటగట్టారు. గుర్గావ్‌లో ఉన్న ఒక చిన్న సంస్థకు డెప్యుటేషన్. బస్తీల్లో ఉండే కుటుంబాలకు ఆరోగ్య బీమా నడపడం ఆ సంస్థ పని.

పథకం చాలా తేలిక. కుటుంబం ఏడాదికోసారి కొద్దిపాటి సొమ్ము కడుతుంది. ఇంటిల్లిపాదీ ఫొటో ఉన్న కార్డు ఒకటి ఇస్తాం. ఎవరైనా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, మాతో ఒప్పందం ఉన్న చోటికి వెళ్లి కార్డు మిషన్‌లో పెట్టి, బొటనవేలు ఆనిస్తే చాలు, వైద్యం ఖర్చు మాది. చిక్కంతా రెండో ఏడు మొదలవుతుంది. జబ్బు చేసినవాళ్లు కార్డు వదలరు. జబ్బు చేయనివాళ్లు, కట్టిందంతా దండగ అయిందని మళ్లీ కట్టరు. చివరికి మంచం పట్టినవాళ్లే మిగులుతారు. ఖర్చు పెరుగుతుంది, దాంతో కట్టాల్సింది పెంచుతాం, పెంచగానే ఇంకొందరు మానేస్తారు. ఇంతే కథ. మా కాలనీలన్నీ ఈ దారినే పోతుండగా, యమున అవతల, ఢిల్లీ అయిపోయి ఘాజియాబాద్ మొదలయ్యే చోట ఉన్న ఒక కాలనీలో ఒక గల్లీ మాత్రం పోలేదు. అక్కడ ప్రతి ఇల్లూ ఏటా కార్డు తిరగరాయించుకుంటుంది. మొదట్లో వచ్చిన ఒక్క క్లెయిము తప్ప మళ్లీ ఎవరూ కార్డు పట్టుకుని ఆసుపత్రి గడప తొక్కలేదు.

మా డైరెక్టర్ గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆ గల్లీని ఆదర్శంగా చూపించి మిగతా కాలనీల్లో కూడా అలాగే చేయిస్తామని సంస్థకు డబ్బిచ్చే దాతలకు మాటిచ్చారు. అక్కడ ఏం జరుగుతోందో చూసి రిపోర్టు రాయమని నన్ను పంపారు. ఆఫీసులో లెక్కలు చూసేవాడు విజయవాడ కుర్రాడు, కుర్రాడంటే ఇద్దరు పిల్లల తండ్రి. అతను మాత్రం సంతోషించలేదు.

"మేడమ్, ఆ గల్లీ డేటా చూస్తే నాకే అదోలా ఉందండి. బాగా నడవడం వేరు. మనుషులు ఇలా ఉండరండి," అన్నాడు.

మొదటిసారి వెళ్లింది వేసవిలో, మిట్టమధ్యాహ్నం. లక్ష్మీ నగర్ స్టేషన్‌లో కోచింగ్ పిల్లలంతా దిగిపోయాక మెట్రోలో ఊపిరాడింది. తర్వాత ఈ-రిక్షా ఎక్కి, పొడిచెత్త ఏరే గోడౌన్ల వెనకనుంచి పోతే కాలనీ వస్తుంది. గల్లీ మొదట్లో మా కార్యకర్త ఎదురుచూస్తూ ఉంది. అందరూ ఆమెను దీదీ అనేవారు. అమ్మానాన్నలు పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఆమె పుట్టింది ఢిల్లీలో, చేసుకున్నదీ అలాంటి కుటుంబంలోనే. నేను తెలుగులో పలకరిస్తే సగం హిందీ, సగం తెలుగు కలిపి మాట్లాడేది.

గల్లీలోకి అడుగుపెట్టగానే కనిపించింది. ప్రతి గుమ్మం పైనా ఎర్ర దారంతో మా కార్డు వేలాడుతోంది. దాని పక్కనే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. వేడిగాలి వీచినప్పుడల్లా కార్డులన్నీ గుమ్మాలకు తగిలి టకటకమంటున్నాయి. కార్డుల్లోంచి కుటుంబాలు కుటుంబాలు నన్నే చూస్తున్నాయి.

నాకు నవ్వొచ్చింది, పోనీలే, జాగ్రత్తగా దాచుకున్నారు అనుకున్నాను. నాలుగిళ్లు దాటాక ఒంట్లో ఏదో ఇబ్బంది మొదలైంది. ఏదో లోటుగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. కుక్కర్లు కూస్తున్నాయి, పిల్లలు కొట్టుకుంటున్నారు, ఎవరింట్లోనో టీవీ మోగుతోంది. గల్లీ చివరికి వచ్చాక తట్టింది. ఇక్కడ ఎవరూ దగ్గడం లేదు. మా క్వార్టర్లలోనే పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి ప్రతి ఇంట్లోనూ దగ్గే. చెత్త కాల్చే పొగ మధ్య ఉన్న ఈ గల్లీలో ఒక్క గొంతు కూడా గరగరమనడం లేదు.

తిరిగి వస్తుంటే ఒక గుమ్మంలో నులకమంచం మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. నేను దాటేదాకా నన్నే చూశాడు. దాటాక, తలుపు మూసిన చప్పుడైంది. ఆ తలుపు వెనక, దిండులోకి దగ్గుతున్నట్టు ఒక మూలుగు చాలాసేపు వినపడింది.

"ఆయనకు ఒంట్లో బాగోలేదా?" అని అడిగాను.

"సబ్ ఠీక్ హై మేడమ్! అందరం మంచిగున్నం!" అంది దీదీ. గట్టిగా అంది. నన్ను చూస్తూ కాదు, ఆ గుమ్మం మీది కార్డును చూస్తూ అంది.

ఆ వేసవిలో ఇంకో రెండు మూడుసార్లు వెళ్లాను. వానలు పడ్డాక వెళ్లినప్పుడు గల్లీ తీరు మారింది. కొన్ని కార్డులు వెనక్కి తిరిగి ఉన్నాయి, ఫొటో గోడవైపు. గాలికి తిరిగాయనుకున్నాను. గాలి లేదు. గడువు తేదీ చూద్దామని ఒక కార్డు పట్టుకుని ఇటు తిప్పబోయాను. చీకటిగా ఉన్న ఇంట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. జ్వరంతో కాలిపోతున్న చెయ్యి. ఎవరిదో మొహం కూడా కనిపించలేదు. దీదీ పరిగెత్తుకొచ్చి విడిపించి, నన్ను తనింటికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

అక్కడ వాళ్లత్త చెప్పింది. నాకంటే పెద్దది, ఇటుకలు మోసి మోసి నడుం వంగిపోయిన మనిషి.

"ఇంట్ల జరమొస్తే బొమ్మను గోడకు తిప్పాలె బిడ్డా. జబ్బుకు మన మొకాలు కనవడొద్దు. కార్డు ముంగట దగ్గొద్దు, జరమొచ్చిందని అనొద్దు. అమ్మోరు ఇచ్చిన కార్డు అది."

"అమ్మవారు ఇవ్వడమేంటి పెద్దమ్మా, అది మేమిచ్చాం."

"మీరెక్కడిచ్చిండ్రు? అమ్మోరి కాళ్ల కాడ తెచ్చుకున్నం."

దీదీ తల దించుకుంది. అప్పుడు బయటపడింది అసలు విషయం. మొదటి ఏడు ఇంటింటికీ తిరిగినా ఎవరూ చేరలేదట. "జబ్బు రాకుంటే పైసలు వాపస్ ఇస్తరా అని అడుగుతరు మేడమ్. ఇయ్యరు అంటే తలుపేస్తరు. నేనేం జెయ్యాలె?" అంది. మా ఫీల్డ్ మేనేజరే ఉపాయం చెప్పాడట. దసరా నవరాత్రుల్లో కార్డులన్నీ పందిట్లో దుర్గమ్మ ముందు పెట్టించి, ఎర్ర దారాలు కట్టించి, ప్రసాదంతో పాటు పంచారు. ఇది రక్షా కవచం, ఇంట్లో ఉంటే చాలు అని మైకులో చెప్పారు. ఒక్క పూటలో గల్లీకి గల్లీ చేరిపోయింది. ఆ మేనేజరుకు మా ఆఫీసు ప్రశంసాపత్రం ఇచ్చిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ముందుగాల కార్డు దింపింది కొస ఇంటాయన," అంది ముసలామె. "దింపి దవాఖాన్ల మిషిన్ల పెట్టిండు. వారం తిరగకముందే శవమై వచ్చిండు. అప్పటి సంది దవాఖాన కోసం ఎవ్వరం దింపలే."

ఆ ఒక్క క్లెయిము కాగితాలు నేను చూశాను. లివరు పూర్తిగా చెడిపోయాక, ఎవరూ ఏమీ చేయలేని దశలో చేర్చారు ఆయన్ని. ఆ మాట చెప్పాను. ముసలామె జాలిగా నావైపు చూసింది.

"మరి జబ్బు చేస్తే ఏం చేస్తున్నారు?"

"సర్కారు దవాఖాన్ల లైన్ల నిలవడతం. లేకుంటే రోడ్డు మీది డాక్టరు సూదేస్తడు. కార్డు మాత్రం ఇంటి మీదనే ఉండాలె."

గుర్గావ్ వెళ్లి ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాను. ఈ గల్లీ ఆరోగ్యంగా లేదు, భయంతో ఉంది, వెంటనే ఎవరైనా వెళ్లి ఈ భయం పోగొట్టాలి అని రాశాను. డైరెక్టర్ గారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషే, మొహం చూస్తే కాలేజీ ప్రిన్సిపాల్‌లా ఉండేవారు. "వాళ్ల నమ్మకాన్ని మనం ఎందుకు కదపాలి? నవరాత్రుల్లో రెన్యువల్స్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం," అన్నారు. రిపోర్టు దాతలకు వెళ్లేసరికి నేను రాసిన పేజీ పోయి, దాని స్థానంలో, జనం పథకాన్ని తమదనుకున్నారని అర్థం వచ్చేలా, కమ్యూనిటీ ఓనర్‌షిప్ అనే మాట వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గల్లీ ఒక్కటీ ఇలా నిలబడకపోతే మొత్తం కాలనీ పథకమే ఎత్తేస్తారన్న సంగతి కూడా నాకు తెలుసు. నేను ఏ వైపు తోసినా ఎవరో ఒకరు కిందపడతారు.

నవరాత్రులు ఇంకో వారంలో ఉన్నాయనగా దీదీ ఫోన్ ఎత్తడం మానేసింది. ఢిల్లీ అంతా డెంగ్యూ. నేను మధ్యాహ్నం బయల్దేరాను.

గల్లీలో కార్డులన్నీ గోడకు తిరిగి ఉన్నాయి. ఒక్క మొహం కూడా ఇటు చూడటం లేదు. కుక్కర్లు లేవు, టీవీ లేదు, పిల్లలు లేరు. తలుపులు మాత్రం కొద్దికొద్దిగా తెరిచి ఉన్నాయి. ఒక్కో తలుపు ముందు నుంచి నడుస్తుంటే లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు తెలిసేది. చేతిలో గొడుగు పట్టుకుని, ఆ వయసులో, పట్టపగలు, నేను భయంతో దాదాపు పరిగెత్తాను.

దీదీ ఇంటి కార్డూ తిరిగే ఉంది. ముసలామె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. లోపల దీదీ చాప మీద పడుకుని ఉంది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చి పెదాల మీద ఎండిపోయి ఉంది. కడుపులో నొప్పని ముడుచుకుపోయింది. ఇంకో పూట ఆగితే ఈ మనిషి దక్కదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"లే అమ్మా, ఆసుపత్రికి పోదాం," అన్నాను.

"మేడమ్, మీరు పొండి," అంది గొణుగుతూ. "నేను కార్డు దింపితే, ఇగ ఈ గల్లీల ఎవరు సచ్చినా నా వల్లనే అంటరు."

నేను బయటికి వచ్చి విజయవాడ అబ్బాయికి ఫోన్ చేశాను. అతను కంగారుపడి, "కార్డు ముట్టుకోకండి మేడమ్. ఆసుపత్రి డబ్బు మనమే కట్టేద్దాం, నేనూ వేస్తాను. ఆవిడ బతుకుతుంది, గల్లీ కూడా కదలదు," అన్నాడు. సరైన మాటే అనిపించింది. ముసలామెకు చెప్పాను. ఆమె మొహంలో మొదటిసారి వెలుగు వచ్చింది.

"నువ్వు కడితే తీస్కపో బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. కార్డు మాత్రం దింపకు."

లోపలి నుంచి దీదీ గొంతు వినిపించింది. "నాకు మీరు కడతరు. ఎదురింటి పోరికి ఎవరు కడతరు మేడమ్?"

ఎదురింటి వైపు చూశాను. సందులోంచి ఒక తల్లి మొహం కనిపించింది, ఆమె ఒళ్లో ఎనిమిదేళ్ల పిల్ల వేలాడిపోయి ఉంది. ఇక వాదన అనవసరమని నేనే చెయ్యెత్తి ఎర్ర దారం పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఆగిపోయింది. పిల్లలూ, మీరు నవ్వుకోండి. జీవితమంతా బీమా అమ్మిన నాకు ఆ క్షణాన, ఈ దారం తెంపితే దీదీ నా చేతుల్లోనే పోతుందని గట్టిగా అనిపించింది. వేళ్లు కదల్లేదు.

దీదీ గోడ పట్టుకుని లేచి వచ్చింది. "నేను కట్టిన, నేనే తెంపుత," అంది. అత్త కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. కార్డును ఇటు తిప్పింది. తలుపు సందుల్లోంచి గల్లీ అంతా చూస్తుండగా తన ఫొటోలో తన మొహాన్ని చూసుకుంది. తర్వాత గట్టిగా లాగింది. దారం తెగి కార్డు చేతిలోకి వచ్చింది. అత్త చెవులు మూసుకుంది.

ఏమీ జరగలేదు. అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

అప్పుడు ఎవరింట్లోనో ఒకరు దగ్గారు. చిన్న దగ్గు, తప్పు చేసినట్టు. దానికి జవాబుగా అవతలి ఇంట్లో ఇంకొకరు. తువ్వాలు ముసలాయన నోట్లోంచి గుడ్డ తీసి, వంగిపోయి, ఊపిరి తిరగకుండా దగ్గాడు. ఆపైన ఇక ఆగలేదు. ప్రతి గుమ్మం వెనకనుంచీ, మేడల మీద నుంచీ, ఎన్నో ఏళ్లుగా బిగబట్టిన దగ్గులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఆయన తప్ప మనుషులెవరూ కనపడరు, గల్లీ మొత్తం దగ్గుతోంది. గల్లీ మొదట్లో నేను ఆపి ఉంచిన ఈ-రిక్షా వాడు మా దగ్గర డబ్బు కూడా అడగకుండా బండి స్టార్ట్ చేశాడు.

ఆసుపత్రిలో మిషన్ దీదీ వేలిని మొదట ఒప్పుకోలేదు. జ్వరానికి వేళ్లు అలా ముడతలు పడి ఉన్నాయి. తుడిచి మళ్లీ పెట్టారు. ముసలామె కోడలి వంక చూడటం లేదు, మిషన్ వంకే చూస్తోంది. పచ్చ దీపం వెలిగితే కెవ్వుమంది. ఆ తర్వాత కోడలు కోలుకునేదాకా వార్డు బయట నేల మీదే కూర్చుంది, తెగిన దారం పిడికిట్లో చుట్టుకుని.

దీదీ బతికింది. మర్నాడే ఎదురింటి పిల్లను తెచ్చారు, ఆ పిల్లా బతికింది. దాంతో మిగతా ఇళ్లవాళ్లూ కార్డులు దింపారు. తువ్వాలు ముసలాయన ఆలస్యంగా వచ్చాడు, పోయాడు. ఆయన పోయిన రోజు గల్లీ మళ్లీ కార్డులు తగిలిస్తుందేమోనని నా ప్రాణాలు పైపైనే ఉన్నాయి. అయితే ఎదురింటి పిల్ల గల్లీలో కుంటాట ఆడుతోంది, అందరూ దాన్ని చూస్తూ ఉన్నారు. ఎవరూ తగిలించలేదు.

ఆ చలికాలమంతా ఆ గల్లీ ఆసుపత్రికి వెళ్లింది. దాచుకున్న హెర్నియాలు, రాళ్లు, క్షయలు, కాన్పులు, అన్నీ వచ్చాయి. ఒక్కటీ అబద్ధపు క్లెయిము కాదు. నా ఉద్యోగంలో అంత నిజాయితీగల ఫైళ్లు ఎప్పుడూ చూడలేదు, వాటి మీద సంతకాలు పెడుతుంటే నాకు ఏడుపొచ్చేది. విజయవాడ అబ్బాయి కొత్త ఫైళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. నవరాత్రులు మళ్లీ రాకముందే మొత్తం కాలనీ పథకం మూసేశారు. "ఒక మంచి గల్లీని పాడు చేశారు మేడమ్," అన్నారు డైరెక్టర్ గారు. కోపంగా కూడా అనలేదు.

మూసేసిన సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. గుమ్మాల మీద నిమ్మకాయలు మాత్రమే ఉన్నాయి. దీదీ బాగా తేరుకుంది, టీ పెట్టింది. ఈ ఏడు కార్డులు ఉండవని చెప్పాను.

"ఎందుకు మేడమ్? మేం కడతం గద. ఇప్పుడు అందరూ కడతమంటున్నరు."

"మీరు కట్టినదానికంటే ఆసుపత్రులకు ఎక్కువ పోయిందమ్మా. అందరూ వాడుకున్నారు కదా. కొందరే వాడుకుని, మిగతావాళ్లు ఊరికే కడుతూ ఉంటే నిలబడేది."

"అంటే ఎవ్వరం దింపకపోతే ఉండేదా?"

"ఉండేది."

మూల కూర్చుని బియ్యం ఏరుకుంటున్న ముసలామె తలెత్తలేదు. గొంతులో దెప్పిపొడుపు కూడా లేదు.

"నేను జెప్పింది అదే గద బిడ్డా. దింపితే దాని బలం పోతదని. మీ ఆఫీసోళ్లకు గూడ ఎరికేనన్నట్టు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్లూ నేర్చుకున్న మాటలన్నీ వెతికాను. ఆమె అన్నదాన్ని కాదనే మాట వాటిలో ఒక్కటీ దొరకలేదు.